వారంటీ ముగిస్తే హక్కు ముగిసినట్టేనా?

పాడైన సెల్‌ఫోను గురించి రైతాంగ శీర్షికలో రాతలేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కూలి రేట్లు, కౌలు, గిట్టుబాటు ధర, ఇవన్నీ తీరిపోయినయా అని కూడా అనవచ్చు. తీరలేదు. కానీ కోస్గి, మద్దూరు, మక్తల్ నుంచి బతుకుదెరువుకు పోయిన మన వ్యవసాయ కార్మికులు ఇవాళ ఎక్కడున్నారో చూడండి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో లేస్తున్న మేడల పక్కన రేకుల షెడ్లలో ఉన్నారు. లేచిన మేడల్లో నేల తుడుస్తున్నారు, గేట్ల దగ్గర కాపలా కాస్తున్నారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ రోజు నుంచీ హైటెక్ సిటీ పేరు దేశమంతా మోగింది. ఆ పేరు కింద తట్ట మోసిన వాళ్లలో పాలమూరు లేబర్ ఎంతమందో లెక్క రాసిన వాళ్లు లేరు.

వీళ్లందరి చేతుల్లో ఇవాళ ఫోను ఉంది. షోకు కోసం కొన్నది కాదు. మేస్త్రీ పిలుపు దాన్లోనే వస్తుంది. జీతం పడ్డదీ లేనిదీ దాన్లోనే తెలుస్తుంది. బ్యాంకు పని పడితే ఓటీపీ దానికే వస్తుంది. ఊళ్లో ఉండిపోయిన వాళ్లకూ తప్పలేదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిస్థలాల్లో ఫోనుతో ఫొటో తీసి హాజరు వేయాల్సిందేనని కేంద్రం నిబంధన పెట్టింది. మేట్లుగా ఉన్న ఆడవాళ్లు అప్పు చేసి ఫోన్లు కొనాల్సి వచ్చింది. ఒకప్పుడు కూలివానికి కొడవలి, పార ఎట్లనో ఇప్పుడు ఫోను అట్ల పనిముట్టయింది. కొడవలి మొక్కపోతే కమ్మరి కొలిమికి పోతాం. ఫోను చచ్చిపోతే ఎక్కడికి పోవాలె?

మా సంఘంలోని ఒక చెల్లె అనుభవం చెప్తాం. ఆమెది నారాయణపేట జిల్లా. కొండాపూర్ వైపు ఒక కంపెనీ భవనంలో హౌస్‌కీపింగ్ పని. పన్నెండు వేల ఫోను పద్దెనిమిది నెలల వాయిదాల మీద తీసుకున్నది. ఐదో నెలలో తెర మీద గీతలు, ఛార్జింగ్ నిలవకపోవడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే వారం ఉంచుకుని ఇచ్చారు. ఎనిమిదో నెలలో మళ్లీ అదే రోగం. పదకొండో నెలలో మళ్లీ. పధ్నాలుగో నెలలో పూర్తిగా ఆగిపోయింది. ఒక రోజు జీతం పోగొట్టుకుని షాపుకు పోతే కౌంటరు దగ్గరి పిల్లవాడు, “అమ్మా, వారంటీ అయిపోయింది, ఇక మాకు సంబంధం లేదు” అన్నాడు. “మూడు మాట్లు రిపేరుకిచ్చిన గదా సారూ” అంటే, “అది సర్వీస్ సెంటర్ వాళ్లనడుగు” అన్నాడు. సర్వీస్ సెంటర్ వాళ్లు కంపెనీ నంబరు ఇచ్చారు. ఆ నంబరుకు చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. ఆ పిల్లవాని మీద మాకు కోపం లేదు, వాడూ జీతగాడే. కానీ ఫోను చచ్చిపోయినా వాయిదాలు చావలేదు, ఇంకా నాలుగు మిగిలి ఉన్నయి. అప్పిచ్చిన ఫైనాన్స్ వాళ్లకు ఫోను బతికుందా లేదా అన్నది పట్టదు గదా!

ఇక్కడ మనం ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. వారంటీ అనేది కంపెనీ తనకు తాను గీసుకున్న గీత. ఏడాది అని వాళ్లే రాస్తారు, వాళ్లే ముద్ర వేస్తారు. దేశంలో చట్టం వేరే ఉంది. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు, అది 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. కొన్న నాటి నుంచి అని రాయలేదు, కారణం ఏర్పడిన నాటి నుంచి అని రాశారు. సరైన కారణం చూపితే రెండేళ్లు దాటినా ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. లోపం అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది. నాణ్యతలో గానీ, ప్రమాణంలో గానీ ఉండవలసినది లేకపోతే అది లోపమే. ఉండవలసినది అంటే కాగితం మీద రాసిన హామీ ఒక్కటే కాదు, రాయకుండా ఒప్పుకున్నట్టుగా భావించేది కూడా అందులో చేరుతుంది. పన్నెండు వేలు పోసి కొన్న ఫోను ఏడాదికే ఆగిపోతుందని తెలిసి ఎవరైనా కొంటారా?

అంతమాత్రాన ఏ ఫోనైనా రెండేళ్ల లోపు వాపసు చేసి పైసలు తెచ్చుకోవచ్చని ఎవరూ అనుకోవద్దు. కింద పడేసి పగలగొట్టుకున్నది, నీళ్లలో పడ్డది లోపం కాదు. తయారీలోనే లోపం ఉందని మనం చూపించాలి. మా చెల్లె దగ్గర మూడు రిపేరు చీటీలూ బియ్యం డబ్బాలో భద్రంగా ఉన్నయి. వారంటీ లోపలే, ఒకే లోపం మీద, మూడు మాట్లు ఇచ్చినట్టు తేదీలతో సహా కంపెనీ వాళ్ల చేతిరాతే సాక్ష్యం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయించినం. తర్వాత షాపుకు, కంపెనీకి రెంటికీ రిజిస్టరు పోస్టులో నోటీసు పంపినం. మూడు వారాలకు డబ్బు వాపసు ఇస్తూ, ఇది తమ సుహృద్భావం మాత్రమేనని ఉత్తరం రాశారు. పదిహేనో నెల దాకా ఆ సుహృద్భావం ఎక్కడ దాక్కున్నదో!

ఇంకొక తమ్మునికి అట్ల జరగలేదు. రిపేరు చీటీలు పారేసిండు. విసుగొచ్చి ఫోనును ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో వచ్చిన కాడికి అమ్ముకున్నడు. చూపించడానికి వస్తువూ లేదు, కాగితమూ లేదు. మేము చేయగలిగింది ఏమీ లేకపోయింది.

రుజువు విషయంలో మన రైతులు ఈ దేశానికే ఒక దారి చూపించిన సంగతి చాలామందికి తెలియదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అమ్మిన విత్తనాలు సరిగా లేక పంట దెబ్బతిన్నదని ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాలకు పోయారు. కార్పొరేషన్ ఏం వాదించింది? రైతు పంట అమ్ముకుంటాడు కాబట్టి వినియోగదారుడు కాడన్నది. విత్తనాల చట్టం వేరే ఉంది, అక్కడికి పొమ్మన్నది. విత్తనాన్ని లేబొరేటరీకి పంపి పరీక్ష చేయించలేదు గదా అన్నది. ఈ వాదనలను సుప్రీంకోర్టు 2012 జనవరి 16న కొట్టివేసింది. రైతు కొన్న విత్తనమంతా చల్లుకుంటాడు, రేపు కేసు వేయాల్సి వస్తుందని గుప్పెడు దాచిపెట్టుకోడు అన్నది ఆ తీర్పులోని సారం. ఎకరం ఎండిపోయిన వాళ్లు ఎన్నో ఏండ్లు తిరిగి సాధించుకున్న మాట అది. ఫోను విత్తనం వంటిది కాదు, దాచిపెట్టుకోవచ్చు, పరీక్షకు పంపవచ్చు. అందుకే ఆ తీర్పు చూపించి ఫోను పారేసుకోవద్దు. పరీక్ష అవసరమైతే ముందు ఆ రుసుము ఫిర్యాదుదారునే కట్టమని కమిషన్ అడగవచ్చు, అదొక బరువు.

షాపుల్లో, బిల్లుల మీద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని అచ్చు వేస్తారు. చదువుకున్న వాళ్లు కూడా అది చట్టమనుకుంటారు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువు లోపల, గడువు రాయకపోతే 30 రోజుల లోపల, వాపసు తీసుకోకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే అంటున్నది. బిల్లు ఇవ్వకపోవడమూ అక్రమమే. “బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది, వద్దంటే తక్కువకిస్తా” అనే మాట విని సంతోషపడే ముందు ఇది ఆలోచించుకోవాలి. ఆన్‌లైనులో కొన్నవాటికి 2020 జులైలో వేరే నియమాలు వచ్చినయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి.

అదే కంపెనీ, అదే ఫోను యూరప్‌లో అమ్మితే కథ వేరుగా ఉంటుంది. అమ్మినవాడు కనీసం రెండేళ్లు బాధ్యత వహించాలన్న నియమం అక్కడ 1999లో చేసిన ఆదేశంతోనే వచ్చింది. ఇంగ్లండులో 2015 చట్టం కింద ఆరేళ్ల దాకా కోర్టుకు పోవచ్చు. ఇవి పెట్టుబడిదారులు దయతో ఇచ్చినవి కావు. 1924లో బల్బుల కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకుండా చేసుకున్న చరిత్ర ఉంది. 2020లో పాత ఐఫోన్లను నెమ్మదింపజేసే మార్పు గురించి కొన్నవాళ్లకు చెప్పనందుకు ఫ్రాన్స్ అధికారులు ఆపిల్‌కు రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేశారు. మన దేశంలో ఫోనుకు కనీసం ఇన్నేళ్లు అని చట్టమే గడువు పెట్టాలని ఇంతవరకు గట్టిగా అడిగినవాళ్లు లేరు. మనమే అడగాలి. వాయిదాల కాలమెంతో కనీసం అంతకాలం వారంటీ ఉండాలన్నది మా డిమాండు. పద్దెనిమిది నెలలు వాయిదా వసూలు చేసే వస్తువుకు పన్నెండు నెలలే పూచీ అంటే ఏం న్యాయం?

కమిషన్ అంటే భయపడే వాళ్లకు రెండు మాటలు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. వకీలు లేకుండా వాదించుకోవచ్చు. ఇంకో పెద్ద వెసులుబాటు 2019 చట్టంతో వచ్చింది. కొన్నచోటనే కేసు వేయాలని లేదు, మనం నివసించే చోట, పనిచేసే చోట కూడా వేయవచ్చు. మాదాపూర్‌లో ఫోను కొని, పని అయిపోయి ఊరికి తిరిగొచ్చిన వాళ్లు మహబూబ్‌నగర్ కమిషన్‌లోనే వేసుకోవచ్చు. విచారణను వీడియో ద్వారా జరపమని కోరే వీలూ ఉంది. మూడు నెలల్లో, వస్తువు పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాశారు. ఆచరణలో ఏండ్లు పడుతున్న కేసులున్నయి, దాచిపెట్టడం ఎందుకు. 2025 జనవరి 1 నుంచి ఇ-జాగృతి అనే ఏర్పాటులో ఫోనులోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. ఫోను చెడిపోయిందని చెప్పుకోవడానికి ఇంకో ఫోను వెతుక్కోవాలన్న మాట!

ఆ పని మా కార్యకర్తల ఫోన్ల నుంచి చేసిపెడుతున్నం. ఆదివారం పూట వచ్చేవాళ్లు బిల్లు, వాయిదాల కాగితం, రిపేరు చీటీలు ఏవి ఉంటే అవి పట్టుకుని రావాలి. బిల్లు పోతే డబ్బు కట్టినట్టు బ్యాంకులో ఉన్న లెక్క పనికొస్తుంది. చచ్చిపోయిన ఫోనును కూడా డబ్బాతో సహా తీసుకుని రండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి.