క్షయ మాత్రలు వాడేవారి కళ్ళు చూడండి

"అదే మందు పక్కింటాయనకు పడింది, మావాడికి కామెర్లు ఎందుకు వచ్చాయి?" మైపాడు మొదలు జువ్వలదిన్నె వరకు మన నెల్లూరు తీరపు పల్లెల్లో ఏ ఇంటివారైనా అడగదగిన ప్రశ్న ఇది. ఇది శాపమూ కాదు, మందులో కల్తీ అని అనుకోనూ అక్కరలేదు. కారణమేమో తెలుసుకుందాం.

ఒకప్పుడు క్షయ వస్తే ఇల్లు విడిచి శానిటోరియంలో ఉండవలసి వచ్చేది. మిషను సంఘాలు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో స్థాపించిన శానిటోరియం 1915లో తెరువబడింది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఇంటి దగ్గర మందులు వాడినా అంతే బాగా నయమవుతుందని 1959లో లోకానికి చూపింది. అప్పటినుండి రోగిని కనిపెట్టి చూసుకొనే బాధ్యత ఇంటివారిదైంది.

ఇప్పుడు సాధారణ క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు ఇస్తారు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. మొదటి మూడూ కొందరి కాలేయాన్ని దెబ్బతీయగలవు. ఐసోనియాజిడ్‌ను మార్చి శరీరం నుండి పంపించే పనిలో కాలేయంలోని న్యాట్-2 అనే ఎంజైము ముఖ్యమైనది. అది కొందరిలో చురుకుగా, కొందరిలో నిదానంగా పనిచేస్తుంది. ముఖ కవళికల వలెనే ఈ తేడా కూడా తల్లిదండ్రుల నుండి వస్తుంది. మన దేశంలో సగానికి పైగా జనం నిదానపు రకమే. వారిలో మందు ఎక్కువసేపు నిలిచి, విషపదార్థాలు పేరుకొంటాయి గనుక కాలేయానికి ముప్పు ఎక్కువ. అయినా వారిలో ఎక్కువమందికి ఏ హానీ లేకుండానే క్షయ నయమవుతుంది.

పుట్టుకతో వచ్చినదాన్ని మార్చలేము, అలవాటును మార్చుకోగలము. సారా కాలేయానికి శత్రువు. మరి బీడీ, చుట్టలో? పొగ కాలేయపు ఎంజైముల పనిని మారుస్తుంది. అది ఈ మందుల హానిని ఎంత పెంచుతుందన్న విషయంలో పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. కాని పొగ తాగేవారికి క్షయ రావడం, తగ్గినది తిరగబెట్టడం ఎక్కువ అన్నది రూఢి. తిరగబెడితే మరల నెలల తరబడి మాత్రలు, కాలేయానికి మరల అదే పరీక్ష.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, దానికి భయపడవద్దు. అన్నం సయించకపోవడం, వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, మూత్రం డికాషన్‌లా ముదరడం, కంటి తెల్లగుడ్డు పచ్చబడడం - ఇవి ప్రమాద సూచనలు. ఇవి కనబడితే మాత్రలు ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రక్తపరీక్ష చేయించాలి. పసరు మందు కోసం తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు.

కాలేయం కోలుకున్న తరువాత డాక్టరుగారు ఒక్కొక్క మందునే తిరిగి మొదలుపెడతారు. "మాకు పడలేదు" అని అంతటితో మానివేస్తే క్షయ మొండికెత్తుతుంది, ఇంట్లోని పసిబిడ్డలకూ అంటుకుంటుంది.

మన సంఘంలో మాత్రలు వాడుతున్నవారిని దర్శించినప్పుడు ప్రార్థన చేసి ఊరకే లేచి రాకండి. "అన్నా, అన్నం తింటా ఉండావా? కళ్ళు చూడనీ" అని అడిగి రండి.