ఖజానాలో లోటు ఉంటే సాంస్కృతిక మార్పిడికి డబ్బెందుకు?

ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూసే కాకుమాను తల్లిదండ్రులు ఇలా అడగడం సహజమే. రోజువారీ ఖర్చుకు ఆదాయం చాలకపోతే అది రెవెన్యూ లోటు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌కు ఆ లోటు పూడ్చడానికే 2015-20కి 14వ ఆర్థిక సంఘం రూ.22,113 కోట్లు సిఫారసు చేసింది.

మరి 1950లో? దేశ విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే మౌలానా ఆజాద్ భారత సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించారు. దాని స్కాలర్‌షిప్పులతో విదేశీ విద్యార్థులు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి కూడా వస్తారు. వాళ్ల ఫీజు, గది అద్దె, తిండి ఖర్చు ఇక్కడే, మనవాళ్ల చేతికే చేరుతుంది. స్టేజీలు, శాలువాలు, ఫ్లెక్సీల ఖర్చు అలాంటిది కాదు, కోత అక్కడ పెట్టొచ్చు. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’లో ఆంధ్రకు జోడీ పంజాబ్. అక్కడికి మన పిల్లల్ని పంపుతున్నారా, అధికారులే వెళ్లొస్తున్నారా అన్నదే అడగాల్సిన లెక్క.