జార్రా, కర్రీ: రెండు ఎర్రని కలపలు

యూకలిప్టస్ అనగానే తెలుగువారికి కాగితపు మిల్లులకు పోయే సన్నని జామాయిల్ కర్రలో, జలుబుకు వాడే నీలగిరి తైలమో గుర్తుకు వస్తుంది. నాలుగైదేండ్లకే నరికివేసే తోటలను చూచినవారికి, ఇదే ప్రజాతిలో ఏండ్ల తరబడి రైలుబండి బరువును మోయగల కలపనిచ్చే మహావృక్షాలు ఉన్నవంటే నమ్మశక్యం కాదు. ఈ ప్రజాతిలో 700కు పైగా జాతులున్నవి. కొద్ది జాతులు తప్ప అన్నింటికీ జన్మభూమి ఆస్ట్రేలియాయే. ఆ ఖండపు నైరుతి మూలన పెరిగే రెండు జాతులను పోల్చి చూస్తే కలపను గురించి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది.

వాటిలో ఒకటి జార్రా. దీని శాస్త్రనామం యూకలిప్టస్ మార్జినేటా. ఇది 30 నుండి 40 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. రెండవది కర్రీ, అనగా యూకలిప్టస్ డైవర్సికలర్. వర్షపాతం ఎక్కువగా ఉండే దక్షిణపు కొసలో ఇది 80 మీటర్లను కూడా మించుతుంది. నిలిచి ఉన్న చెట్లను గుర్తుపట్టడం సులభమే. జార్రా బెరడు గరుకుగా, పీచుపీచుగా ఉంటుంది. కర్రీ మాను నున్నగా, తెల్లగా మెరుస్తుంది. చిక్కంతా రంపం పట్టిన తరువాతనే. రెండు కలపలూ ముదురు ఎరుపే, రెండూ బరువే. పక్కపక్కన పెడితే అనుభవమున్న వడ్రంగి కూడా తడబడతాడు.

మొదట బరువు సంగతి చూద్దాం. బాగా ఆరిన జార్రా ఘనమీటరుకు సుమారు 820 కిలోగ్రాములు తూగుతుంది. కర్రీ సుమారు 900. మన టేకు 650 ప్రాంతంలో ఉంటుంది. అప్పుడే నరికిన జార్రాలో నీరు ఎక్కువగా ఉండటంవల్ల దాని సాంద్రత నీటి సాంద్రతను మించుతుంది. అందుచేత పచ్చి దుంగ నీటిలో మునుగుతుంది. ఒకప్పుడు గోదావరిలో కలపను తెప్పలుగా కట్టి దించినట్లు జార్రాను దించడానికి వీలు లేదు. ఎడ్లచేతను, గుర్రాలచేతను లాగించి, తరువాతి కాలంలో అడవిలోనికే రైలుపట్టాలు వేసి మిల్లులకు చేర్చారు.

ఒక కలప బరువుగాను, మరొకటి తేలికగాను ఎందుకుంటుంది? ఏ చెట్టు కలపనైనా సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని గొట్టాల వంటి కణాలు కనబడతాయి. ఆ కణకవచాల పదార్థం అన్ని చెట్లలోను దాదాపు ఒకే సాంద్రత కలది. ఘన సెంటీమీటరుకు అది సుమారు 1.5 గ్రాములు. అంటే ఏ చెట్టు కలప పదార్థమైనా నీటికంటె బరువే. కలప నీటిపై తేలేది కణాల లోపలి ఖాళీలవల్లనే. జార్రాలో ఇంచుమించు సగం గట్టి పదార్థం, సగం ఖాళీ. కణకవచాలు మందమైన కొద్దీ ఖాళీ తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, బరువుతోపాటు బలమూ పెరుగుతుంది. వంగకుండా, విరగకుండా నిలవడంలో కర్రీ జార్రాను మించినదంటే కారణం ఇదే. ఇంత గట్టి కలపలలో మేకు దిగాలంటే ముందుగా బెజ్జం వేయవలసిందే.

ఇంతవరకు చదివినవారు కర్రీయే మేలైన కలప అనుకోవచ్చు. ఇంటికప్పు దూలాలకు, వంతెనల పైభాగాలకు అది నిజమే. అంత పొడవైన, ముడులు లేని దూలాలు ఇతర చెట్లనుండి దొరకడం కష్టం. కాని అదే దూలాన్ని భూమిలో పాతితే కథ మారిపోతుంది. ఆస్ట్రేలియా ప్రమాణాల ప్రకారం భూమిలో పాతిన జార్రా 15 నుండి 25 ఏండ్లు నిలుస్తుంది. కర్రీ 5 నుండి 15 ఏండ్లు మాత్రమే. పైగా కర్రీని చెదలు తింటాయి, జార్రాను అంత సులభంగా ముట్టవు.

దీనినిబట్టి బరువు వేరు, మన్నిక వేరు అని తేలుతున్నది. ఇందుకు ఆస్ట్రేలియాదాకా పోనక్కరలేదు. ఉపాధ్యాయులు వడ్రంగివద్దనుండి ఒకే కొలతగల టేకు ముక్కను, మామిడి ముక్కను తెప్పించి విద్యార్థులచేత తూయించవచ్చు. రెండింటి బరువులలో పెద్ద తేడా కనిపించదు. కాని మామిడి చెక్క త్వరగా పుచ్చిపోతుందని, టేకు తరాలు నిలుస్తుందని పల్లెటూళ్ళలో పిల్లలకు కూడా తెలుసు.

మన్నికకు కారణం కణకవచంలో కాక, అందులోనూ కణాలలోనూ చేరిన పదార్థాలలో ఉన్నది. చెట్టు ముదిరే కొద్దీ మానులోపలి కణాలు చనిపోతాయి. చనిపోయే ముందు వాటిలో టానిన్ మొదలైన ఫినాల్ జాతి రసాయనాలు నిండుతాయి. ఈ భాగాన్నే వృక్షశాస్త్రంలో అంతర్దారువు అంటారు. తెలుగులో దీనికి ఇంతకంటె చక్కని మాట, చేవ, ఎప్పటినుండో ఉన్నది. చెదలకు, శిలీంధ్రాలకు గిట్టని రసాయనాలు జార్రా చేవలో ఉన్నవి. కర్రీ చేవకు ఆ శక్తి తక్కువ. జార్రాలో సైతం చేవ చుట్టూ ఉండే లేతరంగు చెక్క, అనగా రసదారువు, చెదలకు ఆహారమే.

ఈ గుణంవల్లనే 19వ శతాబ్దిలో జార్రా ప్రపంచమంతటా ప్రసిద్ధికెక్కింది. 1860లలో కట్టడం మొదలుపెట్టిన బసెల్టన్ రేవువంతెన క్రమంగా సముద్రంలోనికి 1.8 కిలోమీటర్లు సాగింది. దానికి వాడినది ప్రధానంగా జార్రాయే. భారతదేశపు రైలుమార్గాలకు కూడా జార్రా స్లీపర్లు ఓడలలో వచ్చాయి. ఆ శతాబ్ది చివరలో లండన్ వీధులకు ఈ రెండు కలపల దిమ్మెలను రాళ్ళవలె పరిచారు. రాతిపై గుర్రపు డెక్కల చప్పుడు భరించలేని నగరవాసులకు అది గొప్ప ఊరట. కర్రీని కూడా స్లీపర్లుగా వాడాలని, దానిని చక్కెర ద్రావణంలో ఆర్సెనిక్ కలిపి ఉడికించే పద్ధతిని 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో అవలంబించారు. చెట్టు ఇవ్వని విషాన్ని మనిషి ఎక్కించాడన్నమాట.

రెండు కలపలను కలగలిపి అమ్మితే నష్టపోయేది కొనేవాడు. స్తంభం కూలితే ప్రాణాలకే ముప్పు. ఇందుకు పరికరాలు అక్కరలేని పరీక్ష ఒకటి ఉన్నది. చేవనుండి అగ్గిపుల్లంత పేడు చీల్చి, గాలి లేనిచోట కాల్చాలి. కర్రీ పేడు కాలి తెల్లని బూడిదను మిగులుస్తుంది. జార్రా పేడు నల్లని బొగ్గుగా నిలుస్తుంది. నూరేండ్ల అనుభవం గల కన్ను చెప్పలేనిది ఒక్క అగ్గిపుల్ల చెబుతుంది.

ఇంత మన్నికగల జార్రా చెట్టు మాత్రం బ్రతికి ఉండగా ఒక సూక్ష్మజీవికి లొంగిపోతున్నది. దాని పేరు ఫైటాఫ్తొరా సిన్నమోమి. శిలీంధ్రాన్ని పోలిన ఈ జీవి తడినేలలో వ్యాపించి వేళ్ళను కుళ్ళిస్తుంది. చెట్లు నిలువునా ఎండిపోవడానికి ఇదే కారణమని 1960లలో కనుగొన్నారు. వాహనాల చక్రాలకు అంటిన మట్టితోనే ఇది అడవినుండి అడవికి పాకుతుంది. చేవలోని రసాయనాలు చచ్చిన కలపను కాపాడినవిగాని లేత వేరును కాపాడలేకపోయినవి. జార్రా పెరుగుదల కూడా మందమే. నరికినంత వేగంగా అడవి తిరిగి లేవదు.

పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024 ఆరంభంనుండి సహజారణ్యాలలో కలపకోసం పెద్దయెత్తున చెట్లను నరకడం ఆపివేసింది. అడవి ఆరోగ్యంకోసం పలుచన చేసేటప్పుడు, గనులకై నేల చదును చేసేటప్పుడు వచ్చే కలపే ఇప్పుడు మిగిలినది. అందువల్ల పాత గిడ్డంగులను, వంతెనలను విప్పినప్పుడు దొరికే దూలాలకు గిరాకీ ఎక్కువ. వాటిని తిరిగి కోసి బల్లలు, నేలపలకలు చేస్తున్నారు. మేకుల బెజ్జాలున్న ఆ దూలాలలో జార్రా ఏదో, కర్రీ ఏదో తేల్చడానికి పనివాళ్ళకు ఇప్పటికీ ఆ అగ్గిపుల్ల పరీక్ష పనికివస్తుంది.