జేబులోని భోషాణము

పూర్వము మన ఇండ్లలో భోషాణము ఒకటి ఉండెడిది. భూమి పత్రములు, నగలు, పాత ఉత్తరములు అన్నియు అందులోనే. తాళపుచెవి ఇంటి యజమానురాలి కొంగున వ్రేలాడుచుండెడిది. నేడు ఆ భోషాణము జేబులోనికి వచ్చినది. బ్యాంకు లెక్క, వైద్యుని చీటీ, అన్నదమ్ముల తగవు, ఆలుమగల మాట, పిల్లల ఫొటోలు, సమస్తమును అరచేతి వెడల్పు గల స్మార్టుఫోనులో ఇమిడి ఉన్నవి. దానికిని తాళము కలదు. ఆ తాళము తీయుమని అడుగు అధికారము పోలీసువారికి ఎంతవరకు కలదు, అడిగినప్పుడు పౌరుడు ఏమి చేయవలెను అను విషయమును శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

జహీరాబాదు వాసులకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. హైదరాబాదునుండి పూనాకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి వారి దారియే. ఊరు దాటిన కొంతసేపటికే కర్ణాటక సరిహద్దు. ఆంధ్ర–ఒడిశా మన్యమునుండి మహారాష్ట్రమునకు తరలు గంజాయి ఈ దారిలో పట్టుబడినట్లు పత్రికలలో పలుమారులు చదివినాము. కావున తనిఖీలు తప్పవు, తప్పరాదు కూడ. అయితే లారీలో మూటలు వెదకుట ఒక పని, లారీ నడుపువాని ఫోనులో మాటలు వెదకుట మరియొక పని.

ఈ రెండవ పని 2021 అక్టోబరులో హైదరాబాదు వీధులలో జరిగినది. గంజాయిపై ప్రభుత్వము గట్టి చర్యలకు పూనుకొన్న దినములవి. పోలీసువారు వాహనములను ఆపి, ఫోనులు తీసికొని, వాట్సాపు సంభాషణలలో గంజాయి అను మాట ఉన్నదేమోనని వెదకుచున్న దృశ్యములు బయటికి వచ్చినవి. ఎవరిని బలవంతపెట్టలేదని, ప్రజలే సహకరించుచున్నారని ఒక అధికారి సమాధానమిచ్చిరి. నడివీధిలో పోలీసుల నడుమ నిలిచిన కుర్రవాడు ఫోను చేతికిచ్చినచో దానిని సహకారమనుటకు మాకు మనసొప్పదు. పైగా, గంజాయి జోలికి పోవద్దని తమ్మునికి వ్రాసిన అన్న ఫోనులో కూడ ఆ మాట దొరకును గదా!

ఇక ఈ తాళము ఎట్టిదో చూతము. ఫోనులో దాచిన ప్రతి అక్షరమును యంత్రము గూఢలిపిలోనికి మార్చి ఉంచును. ఆ గూఢలిపిని విప్పు తాళపుచెవి ఒక పెద్ద సంఖ్య. నేటి ఫోనులలో వాడుక యందున్న 256 బిట్ల చెవులు ఎన్ని ఉండవచ్చునో వ్రాయవలెనన్న 78 అంకెలు పట్టును. ఒక్కొక్కటిగా ప్రయత్నించి సరియైన చెవిని పట్టుట ప్రపంచమందలి కంప్యూటరులన్నియు కలిసినను అయ్యెడి పని కాదు. అంతటి సంఖ్యను మనమును గుర్తుంచుకొనలేము. అందువలన ఫోను తయారగునప్పుడే చిప్పులో పొదిగిన రహస్య సంఖ్యను, మనము నొక్కెడి పిన్నును జతచేసి యంత్రము ఆ చెవిని కాపాడును. కనుకనే లోపలి చిప్పును పెరికి వేరొక యంత్రమునకు తగిలించినను అక్షరము బోధపడదు.

మిగిలిన మార్గము పిన్నును ఊహించుట. నాలుగంకెల పిన్నులు మొత్తము పదివేలే. ఐఫోనులో ఒక్కొక్క ప్రయత్నమునకు సెకనులో సుమారు పన్నెండవ వంతు కాలము పట్టునట్లు అమర్చిరి. మరే అడ్డును లేనిచో పదివేలును పదునాలుగు నిమిషములలో ముగియును. ఆరంకెలైనచో ఒక దినము చాలును. ఆరు స్థానములలో అక్షరములు, అంకెలు కలిపినచో ఐదున్నర సంవత్సరములు! అందుచేతనే తప్పు కొట్టినకొలది యంత్రము మరుసటి ప్రయత్నమునకు ఎడము పెంచును. యజమాని ముందుగా కోరి ఉన్నచో పది తప్పులతో లోపలి సమాచారమును చెరిపివేయును.

ఈ పది తప్పుల నిబంధనయే అమెరికాలో పెద్ద వ్యాజ్యమైనది. 2015 డిసెంబరు 2న శాన్ బెర్నార్డినోలో 14 మంది ప్రాణములు తీసిన ఇద్దరిలో ఒకనికి అతని కార్యాలయమువారిచ్చిన ఐఫోను ఉండెను. ఆ నిబంధనను, ఎడమును తొలగించు కొత్త సాఫ్టువేరు వ్రాసి ఇమ్మని 2016 ఫిబ్రవరిలో న్యాయస్థానము యాపిల్ కంపెనీని ఆదేశించినది. అందుకు ఆధారము 1789 నాటి చట్టము. ఒక ఫోనుకై చేసిన పనిముట్టు అన్ని ఫోనులకు ముప్పగునని కంపెనీ ఎదురు తిరిగినది. తీర్పు రాకమునుపే, మార్చి 28న, వేరొకరి సహాయముతో ఫోను తెరువబడినదని ప్రభుత్వము చెప్పి తప్పుకొన్నది. వ్యాజ్యము ముగిసినది గాని ప్రశ్న ముగియలేదు.

పోలీసువారి బాధను తేలికగా త్రోసివేయరాదు. ఒక బాలిక తప్పిపోయినదనుకొందము. ఆమె ఫోను బల్లపై ఉన్నది. తల్లిదండ్రులకు పిన్ను తెలియదు. చివరిసారి ఆమెతో మాట్లాడినవారెవరో ఆ ఫోనులోనే ఉన్నది. అట్టివేళ స్వేచ్ఛను గూర్చి ఉపన్యాసము చెప్పిన వినువారెవరు? అయితే ఒక సంగతి మరువరాదు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోను చేసిరి, ఏ టవరు క్రింద ఉండిరి అను లెక్క ఫోను కంపెనీయొద్ద ఉండును. దానిని చట్టప్రకారము తెప్పించుకొనుటకు ఫోను తెరువనక్కరలేదు. కవరు లోపలి ఉత్తరము దక్కకున్నను కవరు మీది చిరునామా, తపాలా ముద్ర దక్కుచునే ఉన్నవి. మంచి దర్యాప్తునకు అవి కొంచెము కావు.

ఫోనులో ఉన్న మాట సరే, దారిలో పోవుచున్న మాట సంగతి యేమి? జహీరాబాదు చెంత మాచునూరులో దక్కను డెవలప్‌మెంటు సొసైటీ స్త్రీలు నడపు సంఘం రేడియో 2008 అక్టోబరులో ప్రసారములు ప్రారంభించినది. ఆ గొంతు అందరికొరకు. ఫోనులో చెప్పుకొను మాట ఒక్కరికొరకు. 2016 ఏప్రిల్ నుండి వాట్సాపు ఉత్తరములు పంపువాని ఫోనులో గూఢలిపియై, అందుకొనువాని ఫోనులోనే విప్పారుచున్నవి. నడుమనున్న కంపెనీకి సైతము చదువ వీలు లేదు. పుకార్లను మొదట పుట్టించినదెవరో కంపెనీ చెప్పగలిగి ఉండవలెనని 2021లో కేంద్రప్రభుత్వము నియమము చేయగా, వాట్సాపు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినది. గూఢలిపిని భంగపరచుమన్నచో దేశము విడిచిపోదుమని 2024 ఏప్రిల్‌లో అక్కడ చెప్పినది. కంపెనీవారి బెదిరింపు మాకు రుచింపలేదు. అయినను వారి వాదములోని సారము సత్యము. మొదటి వ్రాతగానిని పట్టవలెనన్న ప్రతివాని ప్రతి ఉత్తరమునకును గురుతు వేసి ఉంచవలెను. పోలీసు చెవికి తెరచుకొను తాళము దొంగ చెవికి తెరచుకొనదని హామీ ఈయగల ఇంజనీరు లేడు.

ఈ వివాదములో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. రాజమహేంద్రవరమునకు చెందిన కోకా సుబ్బారావుగారు 1962లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉండిరి. ఒక వ్యక్తిపై పోలీసులు పెట్టిన నిఘాను గూర్చిన కేసులో, ఏకాంతము మన రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాకులు తీర్పు చెప్పగా, అది వ్యక్తి స్వాతంత్ర్యములో అంతర్భాగమేనని సుబ్బారావుగారు వేరుగా వ్రాసిరి. జస్టిస్ షా వారితో ఏకీభవించిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా ఆ అభిప్రాయమునే స్థిరపరచిరి. ఏకాంతములో ప్రభుత్వము జోక్యము చేసికొనవలెనన్న దానికొక చట్టముండవలెను, తగిన ప్రయోజనముండవలెను, జోక్యము ఆ ప్రయోజనమునకు మించరాదు. 2021లో పెగాసస్ గూఢచర్య ఆరోపణలపై, కృష్ణాజిల్లావారైన ప్రధాన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణగారి ధర్మాసనము నిపుణుల సంఘమును నియమించినది. దేశ భద్రత అన్న మాట వినపడినంతనే కోర్టు వెనుదిరుగదని స్పష్టపరచినది.

మన రాజధానిలోనే 2024 మార్చిలో, నాయకులు మొదలగువారి ఫోనులను అక్రమముగా ఆలకించి, ఆ జాడలున్న హార్డుడిస్కులను నాశనము చేసిరన్న ఆరోపణపై పోలీసు అధికారులే అరెస్టయిరి. నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానము. గట్టి తాళము దొంగలకే కావలెనని వాదించువారు ఈ కేసును ఒకమారు తలపోయుదురు గాక.

పిన్ను చెప్పుమని నిర్బంధింపవచ్చునా? నిందితుడు తనపై తానే సాక్ష్యమీయనక్కరలేదని రాజ్యాంగపు 20(3) అధికరణము చెప్పుచున్నది. వ్రేలిముద్ర అట్టి సాక్ష్యము కాదని 1961లోనే సుప్రీంకోర్టు చెప్పినది. కాని పిన్ను వ్రేలిలో లేదు, మనసులో ఉన్నది. కోర్టు అనుమతి ఉన్నచో పాస్‌వర్డు అడుగవచ్చునని కర్ణాటక హైకోర్టు 2021లో తీర్పు చెప్పినది. నిర్బంధింపరాదని ఢిల్లీలోని ప్రత్యేక న్యాయస్థానము 2022లో చెప్పినది. ఒక హైకోర్టు మాట పొరుగు రాష్ట్రమునకు కట్టుబాటు కాదు. జహీరాబాదునుండి బీదరు సంతకు పోయివచ్చువాడు గంటలో ఒక హైకోర్టు నీడనుండి మరియొక దాని నీడలోనికి పోవుచున్నాడన్నమాట. మా అభిప్రాయములో కర్ణాటక తీర్పులోని ఒక అంశము అందరికిని ఆదర్శము: ఫోను వెదకుటకు సామాన్యముగా వారంటు ఉండవలెను. రహదారి ప్రక్కన జరుగు వెదకులాటకు అట్టిదేమియు ఉండదు.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షనును గృహస్థులు గుర్తుంచుకొనుట మంచిది. ఏ వస్తువునైనను స్వాధీనపరచుకొనునప్పుడు పోలీసువారు ఆ తతంగమునంతయు వీడియో తీయవలెను. అందుకు సెల్‌ఫోను వాడుట మేలని చట్టమే చెప్పుచున్నది. తీసిన వీడియోను జాప్యము లేక మేజిస్ట్రేటుకు పంపవలెను.