మంచం పక్క మనిషికీ ఓ థెరపీ!

ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే అందరి చూపూ మంచం మీదే. వచ్చినవాళ్లంతా ‘ఎలా ఉన్నారు?’ అని అడిగేది ఆ మనిషినే. రోజూ లేపి, కూర్చోబెట్టి, స్నానం చేయించే భార్య నడుం సంగతి అడిగేవాళ్లుండరు. ఆమె కూడా పడిపోతే? అప్పుడు ఇద్దరినీ చూసేదెవరు!

సరిగ్గా ఇక్కడే అక్కరకొస్తుంది ఆక్యుపేషనల్ థెరపీ. ఫిజియోథెరపీ ప్రధానంగా కదలికల మీద, కండరాల బలం మీద దృష్టి పెడుతుంది. ఇది రోజువారీ పనుల మీద... పళ్లు తోముకోవడం, అన్నం తినడం, బట్టలు వేసుకోవడం. మనకు కొత్తేం కాదు. 1950లోనే కమలా నింబ్కర్ ముంబయిలోని కేఈఎం ఆస్పత్రిలో దీనికో శిక్షణ పాఠశాల ప్రారంభించారు.

నడుం జాగ్రత్త!

రోగిని చంకల కింద చేతులేసి ఎత్తుతారు చాలామంది. చచ్చుబడిన చేతిని పట్టి లాగుతారు కూడా. దాంతో ఆయన భుజం జారే ప్రమాదం, ఈమెకు నడుంనొప్పి. కుర్చీని బాగున్న వైపు వేసి, రోగి పాదాలు నేలకు ఆన్చి, ముందుకు వంగమని చెప్పి లేపాలి. సాయం చేసేవాళ్లు నడుం కాదు, మోకాళ్లు వంచాలి. ఈ కిటుకులను థెరపిస్టు దగ్గరుండి చేయించి నేర్పిస్తారు. మంచం మరీ కిందికుంటే కోళ్ల కింద గట్టి చెక్కదిమ్మలు అమర్చడం, బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ, కమోడ్ కుర్చీ... ఇల్లు చూసి ఇలాంటి మార్పులూ సూచిస్తారు.

అన్నీ మీరే చేయొద్దు

ప్రేమకొద్దీ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే రోగి చేయి పని మరచిపోతుంది. లావు పిడి ఉన్న స్పూను, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం ఇస్తే నెమ్మదిగానైనా తనే తినగలరేమో! చొక్కా తొడిగేటప్పుడు ముందు చచ్చుబడిన చేతికి, విప్పేటప్పుడు ముందు బాగున్న చేతికి... ఈ వరస తెలిస్తే సగం పని ఆయనే చేసుకోవచ్చు. ఆయనకు ఆత్మవిశ్వాసం, ఈమెకు కాస్త తీరిక.

ఆ తీరికనూ థెరపిస్టు లెక్కలోకి తీసుకుంటారు. రోజంతా ఏ పని ఎవరు చేస్తున్నారో రాయించి, బరువు పనుల మధ్య విరామం, ఇంట్లో మిగతావాళ్లకు వంతులు పెట్టిస్తారు. ఆదివారం పూట కొడుకు స్నానం చేయిస్తే అమ్మ గుడికో, చెల్లెలింటికో వెళ్లిరావచ్చు.

చిన్న ఊళ్లలో ఈ నిపుణులు దొరకడం కష్టమే. అందుకే ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేసే ముందే అడగండి. మంచం, బాత్రూమ్ ఫొటోలు వెంట తీసుకెళ్లండి. రోగి కష్టాలతోపాటు మీ నడుంనొప్పి, నిద్రలేమి కూడా చెప్పండి. అది స్వార్థం కాదు... వైద్యంలో భాగమే!