గల్ఫు ప్రయాణము: జీతమా, మిగులా?



గల్ఫు దేశములకు పోవనెంచు యువకుడు మొదట సలహా యడుగునది మీవంటి పెద్దలనే. అప్పుపత్రముపై సాక్షి సంతకము చేయువారును మీరే. కావున జీతమును గాక మిగులును చూడుడని మనవి చేయుచున్నాను. మా యింట ఈ లెక్క వేయకయే యొకనిని పంపి, పిమ్మట విచారించితిమి.

ఒక యుదాహరణము. అచ్చటి జీతము మన నాణెములో నెలకు 30,000 రూపాయలనుకొందము. బస యజమానిదే యైనను, తిండికిని ఇతర వ్యయములకును 12,000 పోగా 18,000 మిగులును. ప్రయాణమునకై నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 1,50,000 అప్పు చేసినచో, ఆ మిగులంతయు కట్టినను అది తీరుటకు తొమ్మిది నెలలు దాటును. అంతవరకు ఇంటికి కాసు రాదు. రెండేండ్లకు చేత నిలుచునది సుమారు 2,66,000. అతడే ఊరిలో పనిచేసి నెలకు 10,000 మిగిల్చినచో 2,40,000 అగును. భేదము 26,000 మాత్రమే!

లోపము జీతమున లేదు, అప్పున నున్నది. నియామక ప్రతినిధి సేవారుసుము, పన్ను గాక, 30,000 మించరాదని మన ప్రభుత్వ నిబంధన. అప్పు ఆ మేరకే నిలిచినచో భేదము లక్షకు మించును.

ధనమొక్కటే చాలదు. ఎండ తీవ్రతచే కువైటునందు జూన్ మొదలు ఆగస్టు వరకు పగలు 11 నుండి 4 గంటల వరకు ఆరుబయట పని నిషిద్ధము. అట్టి యెండకు దేహ మోర్చునా, గదిలో నెందరుందురు, సెలవెన్నడు అని యడుగుడు. ఒప్పందపత్రమును తెలిసినవారిచే చదివించి, ప్రతిని ఇంట నుంచుడు.

ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచిన పిమ్మటనే సాక్షి సంతకము చేయుడు.