బ్రేకు ఎందుకు కీచుమంటుంది?

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్ళే కారుకు కొత్త ప్యాడ్లు వేశారనుకోండి. అయినా బ్రేకు తొక్కగానే కీచుమంటుంది. ఎందుకు?

నల్లబల్ల మీద సుద్దముక్కను నిలువుగా పట్టి గీసి చూడండి. సుద్ద బల్లను పట్టుకొని, జారి, మళ్ళీ పట్టుకొంటుంది. ఇది సెకనుకు వందలసార్లు జరగడం వల్లనే కీచుధ్వని పుడుతుంది. బ్రేకులోనూ అంతే. తిరిగే డిస్కును ప్యాడ్లు రెండు వైపులా నొక్కుతాయి. ఘర్షణ ఒకే తీరుగా లేకపోతే రెండూ కంపిస్తాయి. ఆ కంపనాలు సెకనుకు వెయ్యి దాటితే చెవులు మూసుకోవలసిందే! 1902లో ఇంగ్లండులో లాంచెస్టర్ పేటెంటు పొందిన తొలినాటి డిస్కు బ్రేకుకూ ఈ రొద తప్పలేదు.

తలుపు కిర్రుమంటే నూనె వేస్తాము. మరి బ్రేకుకు? ఎన్నడూ వేయకూడదు! నూనె ఘర్షణను పోగొడుతుంది. ఘర్షణ లేనిదే కారు ఆగదు.

అందుకే మెకానిక్ డిస్కును శుభ్రంగా తుడుస్తాడు. ప్యాడు వీపున, అంటే డిస్కుకు తగలని వైపున, వేడికి తట్టుకొనే గ్రీజు పలుచగా పూస్తాడు. అది కంపనాలను అణచుతుంది. తరువాత ఖాళీ రోడ్డు మీద కారు వేగాన్ని కొన్నిసార్లు నెమ్మదిగా తగ్గించి, బ్రేకులను చల్లారనిస్తాడు. అప్పుడు ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పొరకడుతుంది.

పాత ప్యాడ్లు అరిస్తే మాత్రం అశ్రద్ధ చేయకండి. ప్యాడు అరిగిపోగానే డిస్కుకు తగిలి అరిచేటట్లు చాలావాటిలో చిన్న ఇనుపరేకు అమరుస్తారు. అది రొద కాదు, హెచ్చరిక!